మన్రో దొర ఏ టోపీ తీశాడు?

మంత్రాలయంలో తుంగభద్ర స్నానం ముగించుకుని మఠం వైపు నడుస్తున్నాం. మా ముందు ఓ పెద్ద కుటుంబం. అందులో ఒకాయన పిల్లలకు కథ చెబుతున్నాడు. ఆ కథ మీకూ తెలిసే ఉంటుంది. కుంఫిణీ కాలంలో మఠం మాన్యాల మీద పేచీ వస్తే విచారణకు కలెక్టరు థామస్ మన్రో వచ్చాడట. గుమ్మం దగ్గర టోపీ, బూట్లు తీసి లోపలికి వెళ్ళాడట. 1671లోనే బృందావన ప్రవేశం చేసిన రాఘవేంద్రస్వామి ఆయనకు కనిపించి, మాట్లాడి, సందేహాలు తీర్చారట. మాన్యాలు మఠానికే ఉండిపోయాయి.

కథ అయిపోయింది. ఎనిమిదేళ్ళ పిల్లాడొకడు అడిగాడు: "నాన్నా, ఏ టోపీ తీశాడు?"

"దొర టోపీరా. సినిమాల్లో చూళ్ళేదూ? బోర్లించిన గిన్నెలా ఉంటుంది, అది."

పిల్లాడికి సరిపోయింది. నాకే సరిపోలేదు. ఎందుకంటే ఆ టోపీ అయ్యే అవకాశమే లేదు.

నాకు కొన్నేళ్ళుగా ఓ పిచ్చి ఉంది. కొందరు పాత నాణేలు దాస్తారు, కొందరు తపాలా బిళ్ళలు. నేను పాత సైనికాధికారుల టోపీలు ఎక్కడున్నాయంటే అక్కడికి వెళ్ళి చూసొస్తుంటాను. ఎప్పటిది, ఎవరిది, ఏ హోదా అన్నది కనిపెట్టడంలో ఓ సరదా ఉంది. ఈసారి కర్నూలు జిల్లాకు రావడానికి కారణం కూడా అదే. పత్తికొండ దగ్గర ఓ పల్లెలో, ఓ రైతు ఇంట్లో 'మన్రో దొర టోపీ' ఉందని ఉపాధ్యాయుడైన నా మిత్రుడు కబురుపెట్టాడు. దసరాకు పూజ కూడా చేస్తారట. రాక ఏం చేస్తాను?

ఇంతకీ పిల్లాడి ప్రశ్న. సినిమాల్లో దొర పెట్టుకునేది బెండుటోపీ. మన పెళ్ళిళ్ళలో బాసికాలకూ పూలకూ వాడే జీలుగుబెండు ఉంది చూశారూ, దాంతోనే చేస్తారు. గాలికి ఎగిరిపోయేంత తేలిక, ఎండకు మంచి అడ్డు. కానీ సైన్యంలో ఈ రకం హెల్మెట్లు స్థిరపడింది 19వ శతాబ్దం రెండో సగంలో. సినిమాల వాళ్ళకు ఇష్టమైన ఖాకీ రంగు వూల్స్‌లీ టోపీ అయితే 1900 ప్రాంతంలో వచ్చింది. మన్రో ఈ దత్తమండలాలకు కలెక్టరుగా ఉన్నది 1800 నుంచి 1807 వరకు. ఆయన తలమీద వూల్స్‌లీ టోపీ పెట్టడమంటే శ్రీకృష్ణదేవరాయల చేతికి గడియారం కట్టడమే.

1800లో మన్రో కుంఫిణీ సైన్యంలో మేజరు. ఆనాటి అధికారులది రెండు కొమ్ముల నల్ల టోపీ. ముందూ వెనకా అంచులు పైకి మడిచి ఉంటాయి. ఎండ దేశాల్లో చుట్టూ అంచున్న గుండ్రటి నల్లటి హ్యాట్ కూడా వాడేవారు. రెండూ ఒత్తిన ఉన్నితోనో బొచ్చుతోనో చేసినవి. రాయలసీమ ఎండలో నల్లటి ఉన్ని టోపీ! గుడి ఉన్నా లేకున్నా తీసేయాలనిపించే సరుకది. చెన్నైలో శిల్పి చాంట్రీ చేసిన మన్రో గుర్రపు విగ్రహం ఎప్పుడైనా చూస్తే గమనించండి. జీను లేదు, అంకెవన్నెలు లేవు అని అందరూ చెప్పుకుంటారు. తలమీద టోపీ కూడా లేదు. మంత్రాలయంలో తీసింది మళ్ళీ పెట్టుకోలేదేమో అని మా మిత్రుడి వేళాకోళం.

మన్రో ఒక్కడికే కాదు, మన నాటకాల్లో దొరలందరికీ ఒకటే టోపీ. 1839లో కర్నూలు నవాబు గులాం రసూల్ ఖాన్‌ను పట్టుకున్నప్పుడు జొహరాపురం దగ్గర పోరాడిన తెల్లవాళ్ళదీ అదే, 1847 ఫిబ్రవరి 22న ఉయ్యాలవాడ నరసింహారెడ్డిని కోవెలకుంట్లలో ఉరితీసిన వాళ్ళదీ అదే. నిజానికి బ్రిటిష్ పదాతి దళంలో 1829 నుంచి పైకి వెడల్పయ్యే గొట్టం లాంటి 'షాకో' ఉండేది. 1844లో అది మారి 'ఆల్బర్ట్ షాకో' వచ్చింది. కర్నూలు నవాబు నాటి టోపీ నరసింహారెడ్డి నాటికి పాతబడిపోయిందన్నమాట. టోపీల కాలం కట్టడమంటే ఇదే. కొన్నేళ్ళకోసారి సైన్యం టోపీ మారుస్తుంది. ఎప్పుడు మార్చిందో తెలిస్తే చాలు.

తిరగేసి చూడు

ఆ రాత్రి కర్నూలులో ఆగాం. బి.క్యాంపులో ఓ రిటైర్డ్ కల్నల్‌గారున్నారు. 1953లో కర్నూలు ఆంధ్ర రాష్ట్ర రాజధాని అయినప్పుడు పుట్టిన పేట అది. నాకు తెలిసిన విద్యలో సగం ఆయన పెట్టిన భిక్షే. భోజనాలయ్యాక బీరువాలోంచి మూడు టోపీలు తీసి బల్లమీద పెట్టారు.

"అందరూ టోపీని ముందువైపు చూస్తారు. దొంగసరుకు అమ్మేవాడికి కావాల్సిందీ అదే. ముందు తిరగేసి చూడు" అన్నారు.

లోపల నుదుటికి తగిలే తోలుపట్టీ ఉంటుంది. చెమట పీల్చి నల్లబడి, పగుళ్ళిచ్చి ఉంటే ఎవరో ఏళ్ళ తరబడి పెట్టుకున్న టోపీ. బయట రంగు వెలిసిపోయి, లోపల తోలు మాత్రం కొత్తగా ఉంటే అనుమానించాలి. తర్వాత ముద్ర. సిపాయికి టోపీ సర్కారిస్తుంది కాబట్టి బ్రిటిష్ కాలంలో దానిమీద బాణం మొనలాంటి సర్కారు గుర్తు కొట్టేవారు. అధికారి తన టోపీ తనే కొనుక్కోవాలి. అందుకని అందులో దుకాణం పేరు, ఊరు, ఒక్కోసారి కొన్నవాడి పేరులోని పొడి అక్షరాలు ఉంటాయి.

ఆ దుకాణం చీటీ ఒక్కటి చాలు సగం కథ చెప్పడానికి. లండన్‌లో హాక్స్ కంపెనీ సావిల్ రో వీధిలో ఒకటో నంబరుకు మారింది 1912లో. ఆ చిరునామా ఉంటే టోపీ అంతకు ముందుది కాదు. 1974లో గీవ్స్ కంపెనీతో కలిసి పేరు మారింది. కాబట్టి 'గీవ్స్ అండ్ హాక్స్' అని ఉంటే ఆ తర్వాతిదే. మన దేశపు చీటీ అయితే ఇంకా తేలిక. ఆరంకెల పిన్‌కోడ్ ఉందా? 1972 ఆగస్టు 15 తర్వాతిది. ధర అణాల్లో ఉందా? నయాపైసలొచ్చిన 1957 ఏప్రిల్‌కు ముందుది. మద్రాసు అని ఉందా, చెన్నై అని ఉందా? ఆ మార్పు 1996లో. మన ఇళ్ళలో పాత ట్రంకుపెట్టెలకూ, హార్మోనియాలకూ కూడా ఈ లెక్క పనికొస్తుంది, కావాలంటే చూసుకోండి.

ఇవన్నీ అయ్యాకే టోపీ ముందువైపు చూడాలి. బ్యాడ్జీ మీద కిరీటం ఉంటే దాని ఆకారం పట్టుకోవాలి. పైన మధ్యలో నొక్కినట్టు పల్లంగా ఉంటే విక్టోరియా రాణిది. ఆమె 1901లో పోయింది. గుమ్మటంలా గుండ్రంగా ఉంటే ఆ తర్వాత వచ్చిన రాజులది. మన సైన్యంలో 1947 తర్వాత కూడా ఆ కిరీటమే కొనసాగింది. 1950 జనవరి 26న గణతంత్రం రాగానే కిరీటం స్థానంలో అశోకుడి సింహాలొచ్చాయి. ఎలిజబెత్ రాణి గద్దెనెక్కింది 1952లో. కనుక ఆమె కిరీటమున్న బ్యాడ్జీ చూపించి ఎవరైనా 'మన సైన్యంలో మా తాతది' అంటే, తాతగారిది కాదని మర్యాదగా చెప్పొచ్చు. ఇప్పుడు కొత్త చిక్కొకటి వచ్చిపడింది. ఛార్లెస్ రాజు 2022లో మళ్ళీ ఆ గుండ్రటి కిరీటాన్నే ఎంచుకున్నాడు. అంటే వందేళ్ళనాటి బ్యాడ్జీకీ, నిన్న మొన్న అచ్చుపోసిన దానికీ కిరీటం ఒకే తీరుగా ఉంటుంది. అందుకే తిరగేసి చూడాలి.

మూడు టోపీల్లో చివరిది కల్నల్‌గారి సొంతం. చుట్టూ ఎర్ర పట్టీ. కల్నల్, ఆ పైవారికే అది. 2023 ఆగస్టు 1 నుంచి మన సైన్యంలో బ్రిగేడియర్, ఆ పై హోదాల వాళ్ళు ఏ రెజిమెంటు నుంచి వచ్చినా ఒకే రకం టోపీ పెట్టుకుంటున్నారు. "మంచిదే. పైకెళ్ళినవాడు అందరివాడవ్వాలి" అన్నారాయన. అంటూనే తన పాత రెజిమెంటు బెరే టోపీ తీసి చేత్తో దుమ్ము దులిపారు. దుమ్మేం లేదు దానిమీద.

కుంకుమ పెట్టిన టోపీ

మర్నాడు పత్తికొండ. మద్రాసు గవర్నరుగా పదవి దిగిపోయే ముందు మన్రో తనకిష్టమైన ఈ సీమను ఓసారి చూసుకోవాలని బయల్దేరి, కలరా సోకి ఇక్కడే 1827 జూలై 6న చనిపోయాడు. ఆయన జ్ఞాపకంగా తోపు వేసి, మెట్లబావి తవ్వించారు. ఇక్కడి వాళ్ళు పిల్లలకు మన్రోలప్ప అని పేరు పెట్టుకున్నారంటే ఆయన మీద ఎంత గురి ఉండేదో చూడండి. పద్దెనిమిదేళ్ళకు మామూలు క్యాడెట్‌గా వచ్చి, మొదటి మూడేళ్ళూ పుస్తకమో తూటాల సంచో తలగడగా పెట్టుకున్నానని ఇంటికి ఉత్తరం రాసుకున్న మనిషి. టోపీ కన్నా తలగడే ముందు దొరకలేదు పాపం.

పల్లె చేరేసరికి పదకొండయింది. పెద్దాయనకు డెబ్బయి అయిదు దాకా ఉంటాయి. అరుగు మీద దుప్పటి పరిచి కూచోబెట్టారు. మా మిత్రుడు "మామా, సారు టోపీ చూడ్డానికొచ్చినాడు" అనగానే కాళ్ళు కడుక్కుని దేవుడి గదిలోకెళ్ళి ఎర్రగుడ్డలో చుట్టింది తెచ్చారు.

"మన్రో దొరది సార్. పత్తికొండలో ఆయప్ప సచ్చిపోయిన దినం గుడారంలో ఉండిందంట. మా పెద్దోళ్ళు తెచ్చి దాపెట్టినారు. మా నాయన చెప్పినాడు."

గుడ్డ విప్పుతుండగానే తెలిసిపోయింది. ఖాకీ బట్ట తొడిగిన బెండుటోపీ. వేరుశనగ పొట్టు రంగుకు వెలిసిపోయింది. నెత్తిన గాలాడే బొడిపె, అంచు కింద ఆకుపచ్చ బట్ట. ముందు భాగంలో ఇత్తడి అక్షరాలు దారంతో కుట్టి ఉన్నాయి. సందుల్లో ఏళ్ళనాటి కుంకుమ.

"అది దొర పేరు సార్, ఇంగ్లీషులో."

ఆర్, ఐ, ఎ, ఎస్, సి. పేరు కాదు. రాయల్ ఇండియన్ ఆర్మీ సర్వీస్ కోర్. సైన్యానికి తిండి, ఇంధనం, లారీలు, కంచరగాడిదలు చూసే విభాగం. దానికి 'రాయల్' అన్న మాట 1935లో చేరింది, 1950లో పోయింది. పైగా ఆ అక్షరాలు టోపీవి కావు, భుజం మీద పెట్టుకునేవి. తర్వాతెప్పుడో ఇంట్లో వాళ్ళు అందంగా ఉంటాయని టోపీకి కుట్టేశారు.

తిరగేశాను. సర్కారు ముద్ర లేదు. మాసిన చీటీ మీద దుకాణం పేరు పోయింది కానీ 'మౌంట్ రోడ్, మద్రాస్' అన్నది మిగిలింది. పిన్‌కోడ్ లేదు. సొంత డబ్బుతో కొన్న టోపీ. తోలుపట్టీ చెమటతో నల్లగా ఉంది. దాని వెనక ఏదో వేలికి తగిలితే మెల్లగా లాగాను. నాలుగు మడతలు పెట్టిన కాగితం. తెలుగు పత్రిక ముక్క. బియ్యం ధరలు, కంట్రోలు సరుకుల మాటలు లీలగా కనిపిస్తున్నాయి. టోపీ వదులైతే మనవాళ్ళు చేసే పనే. తెల్ల దొరకు తెలుగు పత్రికతో పనేముంది?

చెప్పాలా వద్దా అన్నది ఇక్కడ వచ్చింది. చీటీలు, కిరీటాలు చదవడం తేలికే. ఎదురుగా చేతులు కట్టుకుని కూచున్న పెద్దాయన మొహం చూసి చెప్పడం కష్టం. మిత్రుడు నేల చూపులు చూస్తున్నాడు. చివరికి చెప్పాను. పాతదే, మంచిదే, ఎనభై ఏళ్ళ పైబడినదే, కానీ మన్రోది కాదు, రెండో ప్రపంచయుద్ధం నాటిది, పెట్టుకున్నది తెలుగువాడు అని.

చాలాసేపు మాట్లాడలేదు. "అంటే మా నాయన అబద్ధం చెప్పినాడా?"

గడప అవతల నుంచి ఇల్లాలి గొంతు: "బస్రా తాతది కాదా అది? అత్త ఒకతూరి అన్యది."

"నువ్వూరుకో."

ఆమె ఊరుకోలేదు. అలా ఒక్కో మాటా బయటికొచ్చింది. ఈయన జేజినాయన తమ్ముడొకడు యుద్ధంలో బస్రా వెళ్ళొచ్చాడు. తర్వాత పంపకాల్లో బావి దగ్గర మాటా మాటా పెరిగి, ఆయన పాలు అమ్ముకుని కడప జిల్లా వేంపల్లెలో కూతురి దగ్గరికెళ్ళిపోయాడు. ఆనాటి నుంచి రెండిళ్ళకూ రాకపోకల్లేవు. నలభై ఏళ్ళ పైమాటే. ఆ మనిషి పేరు ఇంట్లో ఎత్తకూడదు. పిల్లలు 'ఈ టోపీ ఎవరిది?' అని అడిగితే ఏం చెప్పాలి? ఊళ్ళో మన్రో దొర ఉండనే ఉన్నాడు.

పెద్దాయన టోపీని మళ్ళీ గుడ్డలో చుట్టారు. ఎర్రగుడ్డ ముడి రెండుసార్లు జారింది. మేం లేచేటప్పుడు అన్నారు: "ఆ అత్త ఉంటే ఎనభై దాటింటాది. గండికి పోతే దావలోనే కదా సార్ వేంపల్లె."

గండి దారిలో

పత్తికొండ నుంచి గుత్తి వెళ్ళే దారిలో ఎర్రగుడి దగ్గర అశోకుడి శాసనాలున్న బండలొస్తాయి. మన అధికారుల టోపీ మీదికి సింహాలను పంపిన చక్రవర్తి మాటలు ఈ జొన్నచేల పక్కన రాతిమీద ఉండటం ఎన్నిసార్లు చూసినా వింతే. గుత్తిలో ఎక్కువసేపు ఆగలేదు. మన్రోను ముందు పూడ్చింది ఇక్కడే. 1831లో అవశేషాలను మద్రాసు కోటలోని సెయింట్ మేరీస్ చర్చికి తరలించారు.

గండిలో పాపాఘ్ని కొండను చీల్చుకుని వస్తుంది. వీరాంజనేయస్వామిని రాముడే బాణం మొనతో రాతిమీద గీశాడనీ, చిటికెన వేలు ఒక్కటి మిగిలిపోయిందనీ చెబుతారు. ఇక్కడా మన్రో ఉన్నాడు. రెండు కొండల నడుమ వాయుదేవుడు కట్టిన బంగారు తోరణం మామూలు కళ్ళకు కనబడదట. కనబడితే ఆ మనిషికి రోజులు దగ్గరపడ్డట్టేనట. మన్రో తల పైకెత్తి 'అదిగో తోరణం' అన్నాడట. ఎత్తిన తలమీద ఏ టోపీ ఉందో నేనిక అడగలేదు.

వేంపల్లెలో ఇల్లు కనుక్కోవడానికి గంట పట్టింది. ఆవిడ మంచం మీద కూచుని చింతపండు గింజలు తీస్తోంది. చూపు బాగానే ఉంది. వచ్చిన పని చెప్పి, పత్తికొండ దగ్గరి పల్లె పేరెత్తగానే చేతులాగిపోయాయి. తర్వాత మనవరాలిని పిలిచి గోడమీది ఫొటో దించమంది.

బస్రాలో అషార్ పేటలో తీయించుకున్న ఫొటో. ముప్పై ఏళ్ళ సన్నటి మనిషి బిగుసుకుని నిలబడ్డాడు. భుజం మీద అవే ఇత్తడి అక్షరాలు. పక్కన గుండ్రటి బల్లమీద బెండుటోపీ. భుజాన ఒక నక్షత్రం, దానికింద అడ్డంగా చిన్న పట్టీ. ఫొటో తీసి కల్నల్‌గారికి వాట్సాప్‌లో పంపితే అయిదు నిమిషాల్లో ఫోన్ వచ్చింది. "జమేదారు. వైస్రాయి కమిషన్ పొందిన అధికారి. 1965 నుంచి ఆ హోదానే నాయబ్ సుబేదార్ అంటున్నాం. అప్పట్లో తెల్ల లెఫ్టినెంటు పక్కన నిలబడి పని నడిపించింది వీళ్ళే. ఏ ఊరాయనది?" అన్నారు.

ఆవిడ మాత్రం హోదా సంగతి పట్టించుకోలేదు. "మా నాయన చెనిక్కాయ కలుపు తీసేటప్పుడు ఆ టోపీ పెట్టుకుంటాండె. ఎద్దులు బెదురుతాండె. నాయన తల చిన్నది, టోపీ పెద్దది. కాయితం మడిచి లోపల పెట్టుకుంటాండె" అంది. కాగితం సంగతి నేను చెప్పలేదు. "వచ్చేటప్పుడు ఆడనే మర్సినాడు. తెచ్చుకుందామంటే పోనీలే అనె. వాళ్ళు పారేసింటారనుకుంటిమి."

పారేయలేదు, దసరాకు పూజ చేస్తున్నారు అన్నాను. నమ్మనట్టు చూసింది.

పత్తికొండ పెద్దాయనకు ఫోన్ కలిపాను. విషయం చెబితే అటునుంచి కాసేపు ఏమీ వినబడలేదు. "టోపీ నేనే తీసుకొస్తా సార్. కుంకుమ తుడవల్నా?" అన్నారు చివరికి. ఆ మాట అత్తనే అడగండని ఫోన్ ఆవిడ చేతికిచ్చాను. చెవి దగ్గర పెట్టుకుంది. ఇద్దరూ మాట్లాడలేదు. తర్వాత ఆవిడే అడిగింది:

"అన్నం తింటివా రా?"